ఏళ్ల తరబడి ఆపేసిన ప్రైవేటు పైలట్ మళ్ళీ విమానం నడపాలంటే: తిరుపతి, చిత్తూరు జిల్లాల వారికి తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకునే రోజుల్లోనో, అమెరికాలో ఉద్యోగం చేసే రోజుల్లోనో ప్రైవేటు పైలట్ లైసెన్సు సంపాదించి, తర్వాత పెళ్ళి, పిల్లలు, ఇల్లు, అప్పులు అంటూ విమానం మాటే ఎత్తకుండా పదేళ్లో పదిహేనేళ్లో గడిపి, ఇప్పుడు తిరుపతి చుట్టుపక్కల స్థిరపడి మళ్ళీ మొదలుపెట్టాలనుకుంటున్న వారిని దృష్టిలో పెట్టుకొని ఈ ప్రశ్నలు, జవాబులు రాశాము. కమర్షియల్ పైలట్ల నిబంధనలు వేరు కనుక వాటి జోలికి పోలేదు.

లైసెన్సు చేతిలో ఉంది కదా, విమానం అద్దెకు తీసుకొని ఎగరవచ్చా?

ఎగరకూడదు. లైసెన్సు ఒకటి, వైద్య ధ్రువపత్రం ఒకటి, ఇటీవలి కాలంలో విమానం నడిపిన అనుభవం మరొకటి. ఈ మూడింటికీ వేర్వేరు గడువులుంటాయి, ఒకటి ఉన్నంత మాత్రాన మిగిలినవి ఉన్నట్టు కాదు. ఈ మూడూ ఉన్నా, విమానం అద్దెకిచ్చే క్లబ్బు తన ఇన్‌స్ట్రక్టర్‌తో చెక్ ఫ్లైట్ చేయించనిదే తాళం ఇవ్వదు. కొందరు దీన్ని అవమానంగా తీసుకుంటారు. అందుకు కారణం లేదు. పదేళ్లుగా మీరు నడపలేదని తెలిసి కూడా అడగ్గానే తాళం ఇచ్చే క్లబ్బు కనిపిస్తే, వాళ్లు తమ విమానాలను ఎలా చూసుకుంటున్నారో ఒకసారి అనుమానించడం మంచిది.

నాది డీజీసీఏ (భారత పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్సు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు వైద్య పరీక్షతో మొదలుపెట్టండి. చాలామంది ముందుగా ఫ్లయింగ్ గంటలకు డబ్బు కట్టి, తర్వాత వైద్య పరీక్షలో ఏదో ఒక అభ్యంతరం వచ్చి నెలల తరబడి ఆగిపోతుంటారు. ఆ వరుసను తిరగేస్తే డబ్బు మిగులుతుంది.

ఇక కాగితాల సంగతికి వస్తే, మీరు లైసెన్సు తీసుకున్న రోజుల్లో ఢిల్లీకి కొరియర్‌లో పంపిన దరఖాస్తులన్నీ ఇప్పుడు డీజీసీఏ వారి ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జీసీఏ ద్వారానే వెళ్తాయి. పాత కంప్యూటర్ నంబరు (డీజీసీఏ పరీక్షలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కింద ఉన్న పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు, ఆధార్‌లో ఉన్న పేరు ఈ మూడూ అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. మన తెలుగువాళ్లకు ఇంటి పేరు ముందు రాసుకునే అలవాటు ఉండటంతో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది, కనుక పోర్టల్‌లో ప్రొఫైల్ తెరిచే ముందే పేరు సరిచేయించుకోండి. 2025 ఫిబ్రవరిలో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ప్రారంభించిన ఎలక్ట్రానిక్ పర్సొనెల్ లైసెన్సు వచ్చాక, లైసెన్సును ఫోన్‌లోనే చూపించే వీలు కలిగింది.

రేడియో లైసెన్సును మరిచిపోకండి. ఎఫ్‌ఆర్‌టీఓఎల్ అనే ఈ లైసెన్సు లేకుండా రేడియోలో మాట్లాడే హక్కు ఉండదు. పాత రోజుల్లో దీనికి ఆధారమైన ఆర్‌టీఆర్ పరీక్షను టెలికాం శాఖ వారి వైర్‌లెస్ విభాగం నిర్వహించేది. 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన అధినియమం, 2024 ఆ బాధ్యతను డీజీసీఏకి అప్పగించింది. ఇంగ్లిషు భాషా ప్రావీణ్యపు ఎండార్స్‌మెంట్‌కు కూడా గడువు ఉంటుంది: నాలుగో స్థాయి వచ్చిన వారికి మూడేళ్లు, ఐదో స్థాయి వారికి ఆరేళ్లు. ఆరో స్థాయి వచ్చిన వారికి మళ్ళీ పరీక్ష అక్కరలేదు.

గడువు దాటి ఎంత కాలం గడిచిందన్నదాన్ని బట్టి స్కిల్ టెస్టు (ఎగ్జామినర్ ముందు విమానం నడిపి చూపే పరీక్ష), కొన్ని సందర్భాల్లో రాత పరీక్ష మళ్ళీ రాయవలసి వస్తుంది. ఈ నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక స్నేహితుడు నాలుగేళ్ల కిందట ఏం చేశాడన్నది కాకుండా, దరఖాస్తు పెట్టే రోజున డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉన్న పాఠాన్నే ప్రమాణంగా తీసుకోండి.

నాది అమెరికా లైసెన్సు. దానికి గడువే లేదంటారు, నిజమేనా?

నిజమే. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే ప్రైవేటు పైలట్ సర్టిఫికెట్‌కు కాలపరిమితి లేదు. అయితే దాన్ని వాడుకునే హక్కు మాత్రం ఎప్పటికప్పుడు నిలబెట్టుకోవాలి. గడిచిన 24 క్యాలెండర్ నెలల్లో ఒక ఫ్లైట్ రివ్యూ చేసి ఉండాలి. అందులో కనీసం ఒక గంట నేల మీద పాఠం, కనీసం ఒక గంట గాలిలో శిక్షణ ఉంటాయి. దీనిలో పాస్, ఫెయిల్ అనేవి లేవు. సంతృప్తి కలిగితే ఇన్‌స్ట్రక్టర్ మీ లాగ్‌బుక్‌లో సంతకం చేస్తారు, లేకపోతే ఇంకొన్ని గంటలు శిక్షణ తీసుకోమంటారు. పదేళ్ల విరామం తర్వాత ఒక్క గంటలోనే సంతకం పడుతుందని ఎవరూ ఆశపడకూడదు. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే దానికి తోడు, గడిచిన 90 రోజుల్లో అదే తరగతి విమానంలో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. రాత్రి పూట ప్రయాణికులతో ఎగరాలంటే ఆ మూడూ రాత్రి వేళే, విమానం పూర్తిగా ఆగే ల్యాండింగ్‌లై ఉండాలి.

ఇండియాకు తిరిగి వచ్చేసిన వారు గమనించవలసినవి ఇంకొన్ని ఉన్నాయి. మీ దగ్గర ఉన్నది పాత కాగితపు సర్టిఫికెట్ అయితే అది 2010 మార్చి 31 తర్వాత చెల్లదు. ప్లాస్టిక్ కార్డు తెప్పించుకోవాలి. రెండోది, అమెరికాలో నివాస చిరునామా లేకుండా తిరుపతి చిరునామాతో రికార్డులో ఉన్నవారు, తమ తరఫున నోటీసులు అందుకునే ఒక ఏజెంట్‌ను అమెరికాలో నియమించుకొని ఎఫ్ఏఏకు తెలపాలి. పాత సర్టిఫికెట్లు ఉన్నవారికి 2025 జులై 7 నుంచి ఈ నియమం వర్తిస్తోంది, అది చేయకుండా ఆ సర్టిఫికెట్‌పై ఎగరకూడదు. అక్కడే స్థిరపడిన అన్నో, చెల్లెలో, పాత రూమ్మేటో ఆ పనికి సరిపోతారు.

మూడోది, ముఖ్యమైనది. ‘వీటీ’ అక్షరాలతో మొదలయ్యే భారతీయ రిజిస్ట్రేషన్ విమానాన్ని నేరుగా అమెరికా లైసెన్సుతో నడపడం కుదరదు. దాన్ని డీజీసీఏ లైసెన్సుగా మార్పించుకోవాలి, అందుకు భారతీయ వైద్య ధ్రువపత్రం, ఇక్కడి విమానయాన నిబంధనలపై పరీక్ష, స్కిల్ టెస్టు వంటివి ఉంటాయి. ఏడాదికోసారి పిల్లల దగ్గరికి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్ళివచ్చేవారైతే, అక్కడే ఫ్లైట్ రివ్యూ చేసుకొని అక్కడే ఎగరడం కొన్నిసార్లు సులువైన దారి.

యూరప్‌లో గానీ బ్రిటన్‌లో గానీ నేర్చుకున్నవారి సంగతి?

అక్కడ లైసెన్సుకు కాక, దాని మీద ఉండే సింగిల్ ఇంజిన్ క్లాస్ రేటింగ్‌కు 24 నెలల గడువు ఉంటుంది. అది దాటిపోతే, శిక్షణ సంస్థ మీ స్థాయి చూసి అవసరమైనంత శిక్షణ ఇచ్చాక ఎగ్జామినర్‌తో ప్రొఫిషియన్సీ చెక్ చేయించుకోవాలి.

షుగరు, బీపీ వచ్చాయి. ఇక అయిపోయినట్టేనా?

అంత మాత్రాన అయిపోదు. నియంత్రణలో ఉన్న రక్తపోటుతో, మాత్రలతో అదుపులో ఉన్న మధుమేహంతో ఎగురుతున్న పైలట్లు ఉన్నారు. ఏ మందు, ఎంత మోతాదు, దుష్ప్రభావాలేమిటి, గత కొన్ని నెలల రీడింగులేమిటి అన్నదాన్ని బట్టి పరీక్షించే వైద్యుడు నిర్ణయిస్తారు. ప్రైవేటు పైలట్లకు కావలసిన క్లాస్ 2 పరీక్షను డీజీసీఏ గుర్తించిన వైద్యులే చేయాలి, వారి జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అమెరికాలో అయితే 2017 మే నుంచి బేసిక్‌మెడ్ అనే వెసులుబాటు వచ్చింది. 2006 జులై 14 తర్వాత ఎప్పుడైనా ఎఫ్ఏఏ వైద్య ధ్రువపత్రం ఉన్నవారు, చివరిది తిరస్కరణకో రద్దుకో గురికాకుండా ఉంటే, 48 నెలలకోసారి మామూలు వైద్యుడి పరీక్షతోనూ 24 నెలలకోసారి ఆన్‌లైన్ కోర్సుతోనూ చిన్న విమానాలు నడపవచ్చు. అది ఇండియాలో పనికిరాదు.

దాచిపెట్టడం మాత్రం పనికిమాలిన తెలివి. ఫారంలో ‘లేదు’ అని రాసి, ఆ తర్వాత ప్రమాదమేదైనా జరిగితే లైసెన్సు మాట అటుంచి బీమా కూడా చేతికి రాదు. కళ్లద్దాలు వాడేవారు ఎగిరేటప్పుడు రెండో జత దగ్గర ఉంచుకోవాలి. జలుబుకు వేసుకునే సిట్రిజిన్ లాంటి మాత్రలు మత్తు కలిగిస్తాయి, వాటిని వేసుకున్న రోజు విమానం జోలికి వెళ్ళవద్దు. మద్యం విషయంలో ఇక్కడి నిబంధన 12 గంటల విరామం అడుగుతుంది, అమెరికాలో అది 8 గంటలే. అక్కడ నేర్చుకున్న లెక్కతో ఇక్కడ లెక్కపెట్టకండి.

నా వయసు అరవై దాటింది. పై వయోపరిమితి ఉందా?

ప్రైవేటు పైలట్‌గా ఎగరడానికి పై వయోపరిమితి లేదు. వయసు పెరిగేకొద్దీ వైద్య పరీక్షల మధ్య వ్యవధి తగ్గుతుంది.

మళ్ళీ పాత స్థాయికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది?

పైలట్ల మధ్య ఒక మొరటు లెక్క ప్రచారంలో ఉంది: ఆపేసిన ఒక్కో ఏడాదికి ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక్కో గంట. ఇది బడ్జెట్ వేసుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి దాన్ని నమ్మవద్దు. ఆపేనాటికి ఐదు వందల గంటలు నడిపినవారికి తక్కువ పడుతుంది, లైసెన్సు వచ్చిన నెలకే ఆపేసినవారికి దాదాపు మొదటి నుంచీ నేర్చుకున్నంత పడుతుంది.

గంటల సంఖ్య కంటే వాటి మధ్య ఎడం ముఖ్యం. నెలకో ఆదివారం వెళ్ళి ఒక్కో గంట ఎగిరితే, పోయినసారి నేర్చుకున్నది ఈసారికి సగం జారిపోతుంది. తిరుపతి నుంచి బెంగళూరుకు రోడ్డు మీద సుమారు 250 కిలోమీటర్లు. పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి చేరి, అలసిన ఒంటితో ఒక గంట ఎగిరి రాత్రికి ఇల్లు చేరడం చదువు కిందికి రాదు. ఒక వారం సెలవు పెట్టి, అక్కడే గది తీసుకొని, రోజుకు ఒకటి రెండు సార్లు ఎగరడమే చవకైన పద్ధతి. ఖర్చు చూసి భయపడేవారు కూడా మొత్తం లెక్క వేస్తే ఇదే తక్కువని ఒప్పుకుంటారు.

అసలు ఏం మరిచిపోతాం? చేతులకు గుర్తుండదా?

సైకిలు ఒకసారి వస్తే మరిచిపోమని అంటారు, విమానం విషయంలో అది సగమే నిజం. చేతుల పని త్వరగానే తిరిగి వస్తుంది. మలుపు తిప్పడం, ట్రిమ్ సరిచేయడం, ఎత్తు నిలబెట్టడం వంటివి మొదటి రెండు మూడు గంటల్లోనే చాలావరకు తిరిగి వస్తాయి. ఆలస్యమయ్యేది తల పని. రేడియోలో కంట్రోలర్ చెప్పిన నాలుగు విషయాలను విని, తిరిగి అప్పజెప్పి, అదే సమయంలో ఎదురుగా ఉన్న ట్రాఫిక్‌ను వెతికి, ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక దించే పలకలు) దించవలసిన చోటు దాటిపోకుండా చూసుకోవడం అన్నది ఆచరణ లేకపోతే తొందరగా చెడిపోయే నైపుణ్యం. ఇక్కడే ప్రమాదం దాగి ఉంది. చేతులు చక్కగా ఆడుతుండటం చూసి, అన్నీ తిరిగి వచ్చేశాయని మనసు నమ్మేస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ కూడా రెండు ల్యాండింగ్‌లు చూసి ‘బాగానే ఉన్నారండీ’ అనేస్తారు. ఆ ముచ్చట దగ్గర ఆగిపోకుండా, ఇంజిన్ ఆగిపోయినట్టు, ల్యాండింగ్ మధ్యలో రన్‌వే మీదికి వేరే వాహనం వచ్చినట్టు, ఫ్లాప్స్ దిగనట్టు చేసి చూపమని మీరే అడగండి. కట్టిన డబ్బుకు ప్రతిఫలం అక్కడ ఉంటుంది.

ల్యాండింగ్‌లో తరచుగా తప్పేది ఫ్లేర్, అంటే నేల దగ్గరపడ్డాక ముక్కు మెల్లగా పైకెత్తే ఘట్టం. విరామం తర్వాత వచ్చేవారు సాధారణంగా చూపును విమానం ముక్కుకు మరీ దగ్గరగా నిలుపుతారు. నేల తమ వైపు దూసుకొస్తున్నట్టు కనిపించి, ఎత్తులో ఉండగానే గబుక్కున లాగేస్తారు. విమానం వేగం కోల్పోయి చివరి నాలుగైదు అడుగులు బరువుగా కూలబడుతుంది. చూపును రన్‌వే అవతలి చివరికి మార్చి, అక్కడి అంచు కళ్లెదుట పైకి లేస్తున్నట్టు అనిపించినప్పుడు చెయ్యి మెల్లగా వెనక్కి తీయడం మొదలుపెడితే ఇది సర్దుకుంటుంది. చిన్న రన్‌వేల మీద నేర్చుకున్నవారు పెద్ద జెట్లు దిగే వెడల్పాటి రన్‌వే మీదికి వచ్చినప్పుడు, వెడల్పు వల్ల తాము ఉన్నదానికంటే కిందికి దిగినట్టు భ్రమ కలిగి ఈ పొరపాటు ఇంకా ఎక్కువగా చేస్తారు.

గో అరౌండ్‌ను ప్రత్యేకంగా సాధన చేయండి. ల్యాండింగ్ కుదరనప్పుడు మళ్ళీ పైకి లేవాలన్న నిర్ణయం తీసుకోవడంలో పాత పైలట్లకు మొహమాటం ఎక్కువ.

ఎగరని రోజుల్లో ఇంట్లో ఏం చేయవచ్చు?

చాలా చేయవచ్చు, అదీ పైసా ఖర్చు లేకుండా. మీరు నడపబోయే విమానం మాన్యువల్ తెచ్చుకొని, అందులోని వేగాలను కాగితం చూడకుండా చెప్పగలిగే దాకా చదవండి. సెస్నా 152 అయితే ఇంజిన్ ఆగినప్పుడు గ్లైడ్ వేగం 60 నాట్లు, 172 ఎస్ అయితే 68 నాట్లు. ఏది నడుపుతున్నారో దానిదే గుర్తుండాలి, రెండూ కలగాపులగం కాకూడదు. కాక్‌పిట్ ఫోటోను గోడకు అంటించి, ఎదురుగా కుర్చీ వేసుకొని, స్టార్ట్ చేయడం నుంచి సర్క్యూట్ (రన్‌వే నుంచి లేచి చుట్టు తిరిగి మళ్ళీ దిగే వరుస) పూర్తి చేసేదాకా ప్రతి స్విచ్చు వైపు చెయ్యి చాపుతూ, రేడియో మాటలు పైకి పలుకుతూ చేయండి. ఇంట్లోవాళ్లు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి. కంప్యూటర్ సిమ్యులేటర్ రేడియో, నావిగేషన్ సాధనకు మేలు చేస్తుంది, ల్యాండింగ్ సాధనకు పెద్దగా పనికిరాదు.

అటకెక్కిన సామాను కూడా ఒకసారి దించి చూడండి. పాత హెడ్‌సెట్ చెవుల దగ్గరి ఫోమ్ మన ఎండలకు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. పాత చార్టులు జ్ఞాపకంగా దాచుకోవడానికే.

ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళి సాధన చేయాలి?

రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం ఎయిర్‌లైన్ల రాకపోకల కోసం నడిచేది. చిన్న విమానంలో సర్క్యూట్లు కొట్టుకునే స్థలం అది కాదు. చిత్తూరు వారికైనా తిరుపతి వారికైనా దగ్గరలో ఉన్న దారి బెంగళూరు జక్కూరు, అక్కడ దశాబ్దాలుగా ప్రభుత్వ శిక్షణ పాఠశాల ఉంది. హైదరాబాద్ బేగంపేటలో అకాడమీ ఉంది. వెళ్ళే ముందు ఫోన్ చేసి రెండు విషయాలు తెలుసుకోండి: కొత్తగా నేర్చుకునే విద్యార్థులకే కాక, పాత లైసెన్సుదారులకు కూడా గంటలు ఇస్తారా, ఇస్తే వారపు రోజుల్లోనా సెలవు రోజుల్లోనా అని. కమర్షియల్ విద్యార్థుల రద్దీ ఉన్న చోట ప్రైవేటు పైలట్ వంతు చివరికి పోతుంది.

తిరుపతి చుట్టూ ఎగిరేటప్పుడు ప్రత్యేకంగా తెలుసుకోవలసినదేమిటి?

పైనుంచి చూస్తే ఖాళీగా కనిపించినా, మన ప్రాంతపు ఆకాశం నాలుగు దిక్కులా పట్టింపులతో నిండి ఉంది.

తూర్పున శ్రీహరికోట. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన తర్వాత సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. ప్రయోగాల సమయంలో ఆ పరిసరాల గగనతలాన్ని మూసివేస్తూ నోటమ్‌లు (పైలట్లకు జారీ చేసే హెచ్చరిక ప్రకటనలు) వస్తాయి, కౌంట్‌డౌన్ ఆగి ప్రయోగం వాయిదా పడితే ఆ వేళలు కూడా మారతాయి. 2023 జులై 14న చంద్రయాన్-3 మధ్యాహ్నం 2.35 గంటలకు, అంటే ప్రైవేటు పైలట్లు హాయిగా ఎగిరే వేళలోనే బయలుదేరింది. టీవీలో చూడలేదు కాబట్టి ప్రయోగం లేదనుకోవడం కుదరదు, ప్రతిసారీ నోటమ్ చూడవలసిందే. దక్షిణాన అరక్కోణంలో నౌకాదళం వారి ఐఎన్ఎస్ రాజాళి ఉంది, దానికి అవతల చెన్నై విమానాశ్రయపు రద్దీ. వాయవ్యాన శేషాచలం కొండలు. రేణిగుంట రన్‌వే సముద్రమట్టానికి సుమారు 350 అడుగుల ఎత్తులో ఉంటే, తిరుమల 853 మీటర్లు, అంటే దాదాపు 2,800 అడుగుల ఎత్తులో ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలి బలంగా వీచే మధ్యాహ్నాల్లో ఆ కొండల తూర్పు పక్కన, అంటే సరిగ్గా మనం ఉండే వైపున, చిన్న విమానాన్ని కుదిపేసే గాలి సుడులు ఏర్పడవచ్చు.

బయలుదేరే ముందు ఫ్లైట్ ప్లాన్ వేసి, ఎఫ్ఐసీ (ఫ్లైట్ సమాచార కేంద్రం), ఏడీసీ (వాయు రక్షణ అనుమతి) నంబర్లు తీసుకోవడం అమెరికాలో నేర్చుకున్నవారికి కొత్తగా అనిపిస్తుంది. అక్కడ మంచి వాతావరణంలో ఎవరికీ చెప్పకుండా లేచిపోయే స్వేచ్ఛ ఉండేది. ఇక్కడ ఏడీసీ నంబరు అంటే వాయుసేనకు మీరెవరో తెలిసినట్టు, అది లేకుండా కదలకూడదు. బయటికి చూస్తూ నడిపే దృశ్య నియమాల కింద ఎగిరేవారు సూర్యాస్తమయమైన 20 నిమిషాల తర్వాత నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు దాకా ఎగరకూడదన్నది మరో తేడా. 2021 డ్రోన్ నిబంధనలు వచ్చాక పెళ్ళిళ్లలోనూ పొలాల్లోనూ డ్రోన్లు మామూలైపోయాయి కనుక, తక్కువ ఎత్తులో ఎగిరే సరదాను మునుపటిలా తీర్చుకోవద్దు.

తిరుమల కొండ మీదుగా ఎగిరి ఇంట్లోవాళ్లకు గోపురం చూపించవచ్చా?

వద్దు. ఆలయం మీదుగా విమానాలు వెళ్ళడం ఆగమశాస్త్రానికి విరుద్ధమన్నది భక్తుల అభిప్రాయం, తిరుమలను నో ఫ్లై జోన్‌గా ప్రకటించాలని టీటీడీ కేంద్రాన్ని కోరుతూ వస్తోంది. అది ఏ రోజున ఎలా ఉందన్నది నోటమ్‌లు చెబుతాయి. నోటమ్ లేకపోయినా, ఈ ఊరివాళ్లుగా మనం పక్కనుంచే పోవాలి.

మే నెలలో ఎగరవచ్చా?

ఎగరవచ్చు, తెల్లవారుజామున. వేడెక్కిన గాలి పలచబడుతుంది, పలచని గాలిలో రెక్క, ప్రొపెల్లర్, ఇంజిన్ మూడూ నీరసిస్తాయి. లెక్క చేసి చూద్దాం. 350 అడుగుల ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత సుమారు 14 డిగ్రీలు. మే మధ్యాహ్నం 40 డిగ్రీలుంటే తేడా 26. ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,120. దానికి 350 కలిపితే దాదాపు 3,500 అడుగుల ఎత్తులో ఉన్నట్టే విమానం ప్రవర్తిస్తుంది. బెంగళూరు అసలే 3,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ 32 డిగ్రీలున్నా ఇదే లెక్కన 5,700 అడుగులు దాటుతుంది. సముద్రమట్టపు ఊళ్లలో నేర్చుకున్నవారికి టేకాఫ్ పరుగు అంతు లేకుండా సాగుతున్నట్టు అనిపించేది ఇందుకే.

దీనికి తోడు బరువు. సెస్నా 152 గరిష్ఠ బరువు 1,670 పౌండ్లు, అంటే సుమారు 757 కిలోలు. ట్యాంకులు నింపితే ఇద్దరు మనుషులకు మిగిలేది, ఆ విమానం ఖాళీ బరువును బట్టి, 170 కిలోలకు అటూ ఇటూ. పదిహేనేళ్ల కిందటి మీ బరువు వేసి లెక్క కట్టకండి, ఇవాళ కాటా ఎక్కి చూసుకోండి. ఇన్‌స్ట్రక్టర్‌ను కూడా అడగండి, ఏమీ అనుకోరు.

వానాకాలం సంగతి?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన జిల్లాలను తడుపుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన సంగతి అందరికీ గుర్తుంది. అలాంటి రోజుల్లో ఎగరకూడదని చెప్పనక్కరలేదు, తికమక పెట్టేవి మధ్యస్థపు రోజులు. పైన మబ్బు, కింద తేమ, దూరాన కొండ మసకగా కనిపించే ఉదయాలవి. ఇక్కడి నిబంధన ప్రకారం 10,000 అడుగుల లోపు కనీసం 5 కిలోమీటర్ల దృశ్యత, మబ్బుకు అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగుల దూరం ఉండాలి. 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూసి నడపడం రాని 20 మందిని కృత్రిమంగా మబ్బులోకి ప్రవేశపెట్టి చూస్తే, అదుపు తప్పడానికి పట్టిన సగటు సమయం 178 సెకన్లు. ఒకప్పుడు వచ్చిన ఆ విద్య పదేళ్ల తర్వాత మీకు మిగిలి ఉందనుకోవద్దు.

తడిసిన విమానం దగ్గర ప్రిఫ్లైట్ (ఎగిరే ముందు చేసే తనిఖీ) నెమ్మదిగా చేయండి. రాత్రంతా వానలో నిలబడిన విమానం ట్యాంకు మూత చుట్టూ ఉన్న రబ్బరు పాతదైతే నీరు లోపలికి దిగుతుంది. రెక్క కింద ఉండే డ్రెయిన్ వాల్వుకు చిన్న గాజు గొట్టాన్ని నొక్కి పెట్రోలు పట్టండి. ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ లేత నీలి రంగులో ఉంటుంది, నీరు దాని కంటే బరువు కనుక అడుగున రంగులేని బుడగలా చేరి గీత కనిపిస్తుంది. గొట్టం మొత్తం ఒకే రంగులో, ఏ రంగూ లేకుండా ఉంటే శుభ్రంగా ఉందని సంతోషించకండి, మీరు పట్టింది మొత్తం నీళ్లే కావచ్చు. వెలుతురుకు ఎత్తి చూడండి, వాసన చూడండి, గీత పోయేదాకా మళ్ళీ మళ్ళీ పట్టండి. దూరప్రయాణం పెట్టుకుంటే, జెట్ విమానాలు దిగే ప్రతిచోటా ఏవ్‌గ్యాస్ దొరకదన్నది కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ మధ్యలో సాధనాలు, మాటలు ఏం మారాయి?

అమెరికాలో రన్‌వే మీదికి వెళ్ళి వేచి ఉండమని చెప్పే ‘పొజిషన్ అండ్ హోల్డ్’ పోయి 2010 సెప్టెంబరు 30 నుంచి ‘లైనప్ అండ్ వెయిట్’ వచ్చింది. 2020 జనవరి నుంచి అక్కడి రద్దీ గగనతలంలో ఏడీఎస్-బీ అవుట్ (విమానం ఎక్కడుందో తనంతట తానే ప్రసారం చేసే పరికరం) తప్పనిసరి అయింది. గుండ్రటి డయల్స్ స్థానంలో చాలా విమానాల్లో రెండు పెద్ద తెరలు వచ్చాయి. మొదటి గంటలు డయల్స్ ఉన్న విమానంలోనే ఎగరమని మా సలహా, ఎందుకంటే మరిచిపోయినదాన్ని గుర్తు చేసుకోవడం, తెలియనిదాన్ని నేర్చుకోవడం ఒకేసారి పెట్టుకుంటే రెండూ కుదరవు. టాబ్లెట్‌లో మ్యాపులు ఎంతో సుఖం. కానీ ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడాలని తయారీదారే చెబుతున్నాడు. మన ఎండలో గాజు కింద పెట్టిన టాబ్లెట్ నడుమ దారిలో ఆరిపోతే, మోకాలి మీద కాగితం ఉండాలి.

మొదటిసారి ఎవరిని ఎక్కించుకోవాలి?

మళ్ళీ అర్హత వచ్చిన వారంలోనే భార్యాపిల్లలను, తమ్ముడి కుటుంబాన్ని ఎక్కించుకోవాలన్న ఉత్సాహం సహజం. కొన్ని గంటలు ఒంటరిగానో, మరో పైలట్‌తోనో ఎగిరాక, బరువులో తేలికైన, మాట తక్కువైన ఒక్కరితో మొదలుపెట్టండి. టేకాఫ్ నుంచి కొంత ఎత్తు చేరేదాకా, ల్యాండింగ్ మొదలైనప్పటి నుంచి విమానం ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదని ముందే చెప్పండి. మంచి ముహూర్తం చూసి పెట్టుకున్న రోజున వాతావరణం బాగోలేకపోతే ముహూర్తాన్నే మార్చాలి. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ముందుగానే నచ్చజెప్పి ఉంచుకుంటే, ఆ ఉదయం మీ మీద ఒత్తిడి ఉండదు.

పాత లాగ్‌బుక్ ఇల్లు మారేటప్పుడు పోయింది. ఏం చేయాలి?

పోలీసు స్టేషన్‌లో పోయినట్టు ఫిర్యాదు ఇచ్చి ఆ కాపీ, నోటరీ అఫిడవిట్ దగ్గర పెట్టుకోండి. మీరు నేర్చుకున్న క్లబ్బులో ఫ్లైట్ ఆథరైజేషన్ రిజిస్టర్లు, విమానం టెక్నికల్ లాగ్‌లు ఉంటాయి, వాటిలో మీ పేరున్న పేజీల నకళ్లపై క్లబ్బు ముద్ర వేయించుకోండి. క్లబ్బే మూతపడి ఉంటే, లైసెన్సు కోసం అప్పట్లో సమర్పించిన గంటల వివరాల కాపీ డీజీసీఏ ఫైలులో దొరుకుతుందేమో రాసి అడగండి. అమెరికాలో నేర్చుకున్నవారు ఎఫ్ఏఏ నుంచి తమ ఎయిర్‌మన్ ఫైలు నకలు తెప్పించుకోవచ్చు, చెక్‌రైడ్‌కు (లైసెన్సు కోసం ఎగిరి చూపే పరీక్షకు) ముందు నింపిన దరఖాస్తులో అప్పటి గంటలన్నీ ఉంటాయి. విమానం అద్దె రసీదులు, క్రెడిట్ కార్డు బిల్లులు, పాత ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లోని మీ పేరు కూడా ఆధారాలే. కొత్త లాగ్‌బుక్ మొదటి పేజీలో, ఏ గంటలు ఏ ఆధారంతో రాశారో తేదీతో సహా నమోదు చేసి, రుజువు దొరకని గంటలను వదిలేయండి. ఇకనుంచి ప్రతి ఎగురుడు తర్వాత ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి.